హారన్ మోగాలి, తీగ కాలకూడదు

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. కొండను చుట్టుకుంటూ పోయే ఆ దారిలో మలుపు అవతల ఏముందో కంటికి కనబడదు. కాంతి తిన్నగా ప్రయాణిస్తుంది. కొండ అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది. ధ్వని సంగతి వేరు. దాని తరంగాలు చాలా పొడుగు. సెకనుకు 400 కంపనాలు చేసే హారన్ మోతనే తీసుకోండి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి ఆ మోత తరంగం పొడవు 85 సెంటీమీటర్లు ఉంటుంది. అంత పొడుగు తరంగాలు కొండ అంచున వంగుతాయి, ఎదుటి రాళ్ళకు తగిలి తిరిగి వస్తాయి, చివరకు అవతల వస్తున్న డ్రైవరు చెవిని చేరుకుంటాయి. ఘాటు మలుపుల్లో హారన్ కొట్టమని బోర్డులు పెట్టేది ఇందుకే. కంటి పనిని చెవి చేయవలసిన చోటు అది.

కారుతో వచ్చిన హారన్ మోత కొందరికి చాలదు. మరికొందరి కారులో పాత హారన్ చెడిపోతుంది. అలాంటివాళ్ళు బజారులో కొత్త హారన్ల జత కొని బిగించుకుంటారు. కొన్నాళ్ళు అది బాగానే మోగుతుంది. ఆ తర్వాత ఒకనాడు మోత సన్నగిల్లుతుంది. లేదా బొత్తాం నొక్కినా పలకదు. లేదా బొత్తాం వదిలినా మోత ఆగదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది: బానెట్ కిందినుంచి ప్లాస్టిక్ కాలిన వాసన!

అప్పుడు అందరూ హారన్ని తిడతారు. కాని చాలాసార్లు హారన్లో లోపమేమీ ఉండదు. దానికి కరెంటు తెచ్చే దారి చాలకపోవడమే లోపం. ఆ దారి ఎలా ఉండాలో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని ఓమ్ నియమం, జౌల్ నియమం చాలు.

హారన్ లోపల ఏముంది?

మీ బడి ప్రయోగశాలలో విద్యుత్ గంటను చూసే ఉంటారు. మామూలు కారు హారన్ దానికి తమ్ముడే. అందులో ఒక విద్యుదయస్కాంతం, దాని ఎదురుగా పలుచని ఉక్కు పళ్ళెం ఉంటాయి. కరెంటు ప్రవహించగానే అయస్కాంతం పళ్ళేన్ని లాగుతుంది. పళ్ళెం లోపలికి రాగానే దానితో కలిసి కదిలే కడ్డీ ఒక స్పర్శబిందువును విడదీస్తుంది. దాంతో కరెంటు ఆగిపోతుంది. అయస్కాంతం పట్టు వదులుతుంది. పళ్ళెం వెనక్కు పోతుంది. స్పర్శబిందువు మళ్ళీ కలుస్తుంది, మళ్ళీ కరెంటు పారుతుంది. ఇదంతా సెకనుకు మూడు నాలుగు వందల సార్లు జరుగుతుంది. ఆ కంపనమే మనకు 'పాం' అని వినిపిస్తుంది. జతగా అమ్మే హారన్లలో ఒకటి మంద్రంగా, ఇంకొకటి కాస్త హెచ్చు స్వరంలో పలుకుతుంది. రెండు స్వరాలు కలిస్తే ఇతర మోతల మధ్య కూడా చెవి గుర్తుపట్టగలుగుతుంది.

అన్ని హారన్లూ మొదటినుంచీ ఇలా లేవు. అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అనే ఇంజనీరు రూపొందించిన 'క్లాక్సన్' 1908లో బజారుకు వచ్చింది. అందులో చిన్న మోటారు ఒక పళ్ళచక్రాన్ని తిప్పేది. చక్రం పళ్ళు పలుచని రేకు మధ్యనున్న మొలకను వరసగా కొట్టేవి. తమాషా ఏమిటంటే, అంతకు ముందు ఆయన చెవిటివాళ్ళ కోసం విద్యుత్తుతో పనిచేసే వినికిడి యంత్రం తయారుచేసినవాడు!

పన్నెండు వోల్టుల కిటుకు

బజారులో దొరికే కొత్త హారన్ల జతను తీసుకుందాం. ఒక్కొక్కటి 60 వాట్లు, రెండూ కలిసి 120 వాట్లు అనుకోండి. "ఓస్, ఇంతేనా! మా ఇంట్లో ఫ్యానే 75 వాట్లు" అంటారు మీరు. అక్కడే ఉంది కిటుకు.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇంట్లో 230 వోల్టులు ఉంటాయి కాబట్టి 75 వాట్ల ఫ్యాను తీసుకునేది ఆంపియరులో మూడోవంతు మాత్రమే. కారు బ్యాటరీ 12 వోల్టులది. 120 వాట్ల హారన్ల జత తీసుకునే కరెంటు 120 ÷ 12 = 10 ఆంపియర్లు. ఇంట్లో 2000 వాట్ల గీజరు తీసుకునేది సుమారు 9 ఆంపియర్లు. అంటే, కరెంటు లెక్కలో చూస్తే మన హారన్ల జత గీజరు కన్నా పెద్దది. గీజరుకు సన్నని తీగ వేయమని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా?

కారుతో వచ్చే చిన్న హారన్ ఒక్కటైతే సాధారణంగా 3 నుంచి 5 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. కంపెనీవాళ్ళు వేసే తీగ, ఫ్యూజు, బొత్తాం వెనకనున్న స్పర్శబిందువులు ఆ కొలతకు తగినవే. ఆ దారిలోనే రెండింతలు, మూడింతలు కరెంటును పంపిస్తే ఏమవుతుంది?

కాలువ చివరి పొలం

కర్నూలు, కడప పిల్లలకు కె.సి. కాలువ కొత్త కాదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పోయే కాలువ అది. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు దండిగా అందుతుంది, చివరి పొలాల రైతులు మాత్రం నీటికోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తారు. తీగ చివరనున్న హారన్ పరిస్థితి కూడా ఇంచుమించు అంతే. అయితే ఒక తేడా ఉంది. కాలువలో నీరు ఇంకిపోతుంది, ఆవిరైపోతుంది. తీగలో కరెంటు ఎక్కడా ఇంకిపోదు. తగ్గిపోయేది దాన్ని నెట్టే వోల్టేజి.

లెక్క కట్టి చూద్దాం. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగితీగ నిరోధం సుమారు 0.017 ఓమ్. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. బ్యాటరీ నుంచి స్టీరింగు దాకా పోయి, మళ్ళీ ముందున్న హారన్ దాకా వచ్చే సన్నని తీగ 5 మీటర్లు ఉందనుకోండి. దాని మందం అర చదరపు మిల్లీమీటరు. నిరోధం 0.017 × 5 ÷ 0.5 = 0.17 ఓమ్. ఇది చాలా తక్కువలాగా కనబడుతుంది. కాని అందులో 10 ఆంపియర్లు పారితే 1.7 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. పన్నెండులో హారన్‌కు అందేవి పదికి కాస్త ఎక్కువ. సామర్థ్యం లెక్కన చూస్తే హారన్ దాదాపు నాలుగోవంతు బలం కోల్పోతుంది. డబ్బు పోసి పెద్ద హారన్ కొన్నది ఇందుకేనా?

పోయిన వోల్టులు ఊరికే పోలేదు, వేడిగా మారాయి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి ఎంతో తెలుస్తుందని జౌల్ చెప్పాడు. 10 × 10 × 0.17 = 17 వాట్లు. 'వర్గం' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. మూడింతలైతే వేడి తొమ్మిదింతలు! పాత తీగకు కొత్త హారన్ ఎందుకు బరువో ఇప్పుడు తెలిసింది కదా.

అదే 5 మీటర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.034 ఓమ్‌కు దిగుతుంది. దారిలో పోయేది 0.34 వోల్టు, పుట్టే వేడి 3.4 వాట్లు. తీగను పొట్టిచేసి 1.5 మీటర్లతో సరిపెట్టగలిగితే పోయేది 0.1 వోల్టు, వేడి ఒక్క వాటు.

మన రాయలసీమ ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. బానెట్ కింద ఇంజను వేడి కూడా తోడై 80 డిగ్రీలు ఉండటంలో ఆశ్చర్యం లేదు. 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు పోతే రాగి నిరోధం దాదాపు నాలుగోవంతు పెరుగుతుంది. తీగ మీది తొడుగుకు కూడా పరీక్షే. ఇళ్ళలో వాడే మామూలు పి.వి.సి. తీగ తొడుగు 70 డిగ్రీలకు మించి తట్టుకోవడానికి తయారుచేసినది కాదు. ఇంటి వైరింగులో మిగిలిన ముక్కను తెచ్చి కారులో వేయకూడదనడానికి కారణం ఇదే. వాహనాలకు ఎక్కువ వేడిని తట్టుకునే తీగ వేరే ఉంటుంది.

తూము తలుపు వంటి రిలే

తీగ లావుగా, పొట్టిగా ఉండాలి. కాని బొత్తాం స్టీరింగు మీద ఉంది, హారన్ కారు ముక్కు దగ్గర ఉంది. దారి పొట్టిగా ఎలా అవుతుంది?

ఈ చిక్కు విప్పేదే రిలే. ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగినా "రిలే ల్యాకుండా బిగిస్తే ఎట్లప్పా, స్విచ్చి కాలిపోతాది" అంటాడు. కాలువ తూము దగ్గర మనిషి నీళ్ళు మోయడు. చిన్న చక్రం తిప్పి తలుపు ఎత్తుతాడు, నీరు తన దారిన తాను పోతుంది. రిలే చేసేది అదే. అందులో ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. బొత్తాం నొక్కితే తీగచుట్టలో ఆంపియరులో అయిదో ఆరో వంతు కరెంటు మాత్రమే పారుతుంది. అది అయస్కాంతమై ఒక గట్టి స్పర్శబిందువును మూస్తుంది. హారన్ల 10 ఆంపియర్లు బ్యాటరీ నుంచి ఆ స్పర్శబిందువు గుండా నేరుగా హారన్‌కు పోతాయి. బొత్తాం మీద, సన్నని పాత తీగల మీద బరువు పడదు. విద్యుదయస్కాంతంతో ఇలా ఒక చిన్న వలయం చేత పెద్ద వలయాన్ని నడిపించవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1835లోనే చేసి చూపించాడు.

వాహనాల రిలేను తిప్పి చూస్తే కాళ్ళ పక్కన అంకెలు కనిపిస్తాయి. 30 అన్న కాలికి బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ కలుస్తుంది. 87 నుంచి హారన్‌కు లావు తీగ పోతుంది. 85, 86 అన్నవి తీగచుట్ట రెండు కొసలు. పాత హారన్‌కు వచ్చే సన్నని తీగలను వీటికి కలుపుతారు. అప్పుడు పాత హారన్‌కు బదులు రిలే ఆ ఆజ్ఞను అందుకుంటుంది.

"మా కారులో కంపెనీవాళ్ళే రిలే పెట్టారు కదా" అనవచ్చు. చాలా కార్లలో నిజంగానే ఉంటుంది. కాని దాని తీగలు, ఫ్యూజు పాత హారన్ కొలతకు చేసినవి. కొత్త కార్లలో అయితే బొత్తాం ఆజ్ఞ ఒక చిన్న కంప్యూటరు గుండా పోతుంది. దానిమీద అదనపు బరువు పడితే హారన్‌తోపాటు ఇంకేవో కూడా చెడవచ్చు. కాబట్టి కొత్త జతకు వేరే రిలే, వేరే తీగ ఉండటమే క్షేమం.

ఫ్యూజు ఎవరికి కాపలా?

ఫ్యూజు హారన్‌ను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది తీగను. కారు ఇనుప శరీరమంతా బ్యాటరీ రుణధ్రువానికి కలిసి ఉంటుంది. ధనధ్రువం నుంచి వచ్చే తీగ ఎక్కడైనా రేకు అంచుకు రాసుకుని, తొడుగు అరిగి, రాగి బయటపడి ఇనుముకు తగిలిందనుకోండి. హారన్ అన్న మాటే లేకుండా కరెంటు అడ్డదారిలో బ్యాటరీకి తిరిగి పోతుంది. తీగ నిరోధం 0.03 ఓమ్, బ్యాటరీ లోపలి నిరోధం 0.01 ఓమ్ అనుకుంటే, ఆ కరెంటు 12 ÷ 0.04 = 300 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి 300 × 300 × 0.03 = 2700 వాట్లు! ఆ గీజరు కన్నా ఎక్కువ వేడి ఒక సన్నని తీగలో పుడితే తొడుగు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. పక్కనే పెట్రోలు గొట్టం, నూనె మరకలు ఉంటాయి.

కాబట్టి ఫ్యూజు ఎక్కడ ఉండాలి? బ్యాటరీ ధనధ్రువానికి జానెడు దూరంలోనే. హారన్ దగ్గర పెడితే బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్యనున్న తీగకు కాపలా ఎవరూ ఉండరు. ఇంటి దొంగను పట్టడానికి కుక్కను ఊరి పొలిమేరలో కట్టినట్టుంటుంది.

ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయాలి? హారన్ తీసుకునేదానికన్నా కాస్త ఎక్కువ, తీగ భరించగలిగినదానికన్నా తక్కువ. మన 10 ఆంపియర్ల జతకు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. వాహనాల ఫ్యూజులకు రంగులుంటాయి: 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పు ఉందని అది ప్రాణమిచ్చి చెప్పినట్టు. ఆ తప్పు వెతకకుండా ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టేవాళ్ళు, సిగరెట్ పెట్టె రేకు పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కాపలాదారును పంపించేసి తలుపు తెరిచిపెట్టుకున్నట్టే.

తిరుగు దారి

కరెంటు హారన్‌లోకి పోతే చాలదు, తిరిగి బ్యాటరీకి రావాలి. ఆ తిరుగు దారి కారు ఇనుప శరీరమే. దీన్నే 'ఎర్త్' అంటారు. హారన్ బోల్టు కింద రంగు, తుప్పు, మట్టి ఉంటే దారి ఇరుకవుతుంది. అక్కడ 0.1 ఓమ్ నిరోధం చాలు, 10 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు మాయమైపోతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల రాతి గనుల వైపు, కర్నూలు నల్లరేగడి దారుల్లో తిరిగే బండ్ల ముందుభాగం చూడండి. వేసవంతా దుమ్ము, తొలకరికి అదే బురద. ఆ బురద ఆరే లోపల ఇనుము తుప్పు పడుతుంది. అందుకని బోల్టు కింద రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించి, పైన గ్రీజు పూయాలి. హారన్ నోరు కిందికి చూసేట్టు పెడితే అందులో నీరు నిలవదు.

మంచి పనివాడు పని ఎలా మొదలుపెడతాడో గమనించండి. ముందుగా బ్యాటరీ రుణధ్రువం తీగను విప్పుతాడు. ముందు ధనధ్రువం విప్పబోతే, చేతిలోని స్పానరు పొరపాటున కారు ఇనుముకు తగిలినప్పుడు ఆ 300 ఆంపియర్లు స్పానరులోనే పారుతాయి! రేకులో రంధ్రాల గుండా తీగ పోయే చోట రబ్బరు బుష్ వేస్తాడు. ఇంజను వేడి తగలకుండా తీగను గొట్టంలో పెట్టి కడతాడు. స్టీరింగు మధ్యభాగాన్ని ఇష్టం వచ్చినట్టు విప్పడు, ఎందుకంటే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంటుంది. మీరు పక్కన నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి. పని మాత్రం తెలిసినవాళ్ళనే చేయనివ్వండి.

మోత ఎంత ఉండాలి?

"ఇంకా పెద్ద హారన్ పెడితే పోలా?" అనేవాళ్ళకు చెవి చెప్పే జవాబు ఒకటి ఉంది. వాట్లు రెండింతలు చేస్తే మోత పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ఆ తేడాను చెవి కొద్దిగానే గుర్తిస్తుంది. మోత రెండింతలైనట్టు చెవికి తోచాలంటే ధ్వని శక్తి సుమారు పదింతలు కావాలి. తీగకు మాత్రం రెండింతల కరెంటే నాలుగింతల వేడి. బేరం ఏమంత లాభసాటిగా లేదు!

చట్టం చెప్పే జవాబు కూడా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వ నియమం ప్రకారం వరసగా రకరకాల స్వరాలు పలికే హారన్లు, మరీ కర్కశంగా, భయపెట్టేట్టు మోగేవి బిగించకూడదు. అంబులెన్సులు, అగ్నిమాపక బండ్ల వంటివాటికి మాత్రం మినహాయింపు ఉంది. శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆస్పత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ నిశ్శబ్ద మండలాలుగా నిర్ణయించిన చోట్ల, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా జనం నివసించే వీధుల్లో, అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అనవసరంగా హారన్ కొట్టేవారికి మొదటిసారి 1000 రూపాయలు, మళ్ళీ కొడితే 2000 రూపాయలు జరిమానా పెట్టారు. ఘాటు మలుపులో ప్రాణం కాపాడే మోత ఆస్పత్రి గోడ పక్కన రోగికి శిక్ష అవుతుంది.

మీకొక లెక్క

కడప బండలు మోసుకుపోయే పెద్ద లారీలను చూసే ఉంటారు. వాటిలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు శ్రేణిలో కలిపి 24 వోల్టులు చేస్తారు. ఆ లారీకి కూడా 120 వాట్ల హారన్ల జతనే, కాని 24 వోల్టులకు తయారైనదాన్ని బిగించారనుకోండి. తీగ ముందు చెప్పినదే: 5 మీటర్లు, అర చదరపు మిల్లీమీటరు. కరెంటు ఎన్ని ఆంపియర్లు? దారిలో పోయే వోల్టులు ఎన్ని? తీగలో పుట్టే వేడి ఎన్ని వాట్లు? మీ జవాబులు 5 ఆంపియర్లు, 0.85 వోల్టు, 4.25 వాట్లు అయితే లెక్క సరిగానే చేశారు. కారు తీగలో ఇదే హారన్‌కు 17 వాట్ల వేడి పుట్టింది. వోల్టులు రెండింతలైతే వేడి నాలుగోవంతుకు పడిపోయింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. కారుకు చెందిన 12 వోల్టుల హారన్‌ను తెలియక ఆ లారీకి తగిలిస్తే హారన్ లోపలి తీగచుట్ట గతి ఏమవుతుంది? దీనికి జవాబు మేము చెప్పం. 'వర్గం' అన్న మాట దగ్గర ఇందాక ఆగారు కదా, అక్కడినుంచే మొదలుపెట్టండి.